గాలానికి నైట్‌క్రాలర్లు: కొనుక్కోవడం మేలా, ఏరుకోవడం మేలా?

మా దగ్గర గాలం ఎరలు అమ్మే బెయిట్ షాపులో డజను నైట్‌క్రాలర్ల (రాత్రిళ్లు పైకి వచ్చే పెద్ద వానపాముల) డబ్బా ఐదు డాలర్లు. ఇద్దరు పిల్లల్ని తీసుకుని చెరువు దగ్గరికి వెళ్తే రెండు గంటల్లో మూడు డబ్బాలు ఖాళీ. సగం చేపలు కొరుక్కుపోతాయి, సగం మా చిన్నోడు గాలం విసిరేటప్పుడు ఊడి ఎటో ఎగిరిపోతాయి. పదిహేను డాలర్ల వానపాములు పెట్టి అరచేతంత సన్‌ఫిష్‌లు నాలుగు పట్టుకొచ్చిన రోజు మా ఆవిడ అడిగింది: "ఇవి మన పెరట్లో దొరకవా?"

దొరుకుతాయి, బోలెడు. అమెరికాలో మేముండే మినెసోటాలో రాత్రి వాన పడిందంటే పొద్దున్నే డ్రైవ్‌వే మీద అడుగు పెట్టడానికి సందుండదు. అప్పటినుంచి నాలుగు వేసవులుగా కొన్నాను, ఏరాను, తవ్వాను, ఆఖరికి ఆవపిండి నీళ్లు కూడా పోశాను. ఏరడం ఎవరైనా ఏరతారు, దాచడం దగ్గరే లెక్క తేలుతుంది. అది తెలియక మొదటి వేసవి మూడు వందల వానపాముల్ని చంపుకున్నాను.

షాపు డబ్బాతో మొదలుపెడతాను. మూత మీద కెనడియన్ అని ఉంటుంది. అది జాతి పేరు కాదు, సరుకు వచ్చిన చోటు పేరు. ఈ వానపాము అసలు యూరప్‌ది, శాస్త్రీయ నామం లుంబ్రికస్ టెరెస్ట్రిస్. అమెరికాలో అమ్మే వాటిలో చాలా భాగం కెనడాలోని నైరుతి ఒంటారియో పొలాల్లో పట్టినవే. ఆల్ఫాల్ఫా గడ్డి కోసిన చేలల్లో, చీకట్లో, తలకు లైటు కట్టుకుని మనుషులు నడుం వంచి ఒక్కొక్కటే ఏరతారు. రెండు కాళ్లకూ డబ్బాలు కట్టుకుంటారు: ఒకదాంట్లో పాములు, రెండోదాంట్లో రంపపు పొట్టు. వేళ్లు జిగురెక్కితే పట్టు జారుతుంది కాబట్టి మాటిమాటికీ పొట్టులో వేళ్లు అద్దుకోవాలి. కూలి వెయ్యి పాములకింత అని. ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా వలస వచ్చినవాళ్లే.

కోళ్లలా వీటిని పెంచవచ్చుగా అంటే, గిట్టుబాటు కాదు. పెద్దవడానికి ఏడాది దాకా పడుతుంది, పిల్లలు తక్కువ, ఆరడుగుల లోతు దాకా నిలువు బొరియ కావాలి. అంటే డబ్బాలో ఉన్న ప్రతి పాము కోసమూ ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు వంగారన్నమాట. ఇది తెలిశాక ఐదు డాలర్లు మరీ ఎక్కువ అనిపించలేదు. అయినా నెలకు అరవై డాలర్లు మాత్రం ఎక్కువే.

డబ్బా కొనేటప్పుడు మూత తీసి చూడండి, మొహమాటం వద్దు. వేలితో తాకితే చటుక్కున ముడుచుకోవాలి. వాసన తడి మట్టి వాసనే ఉండాలి. పైన తెల్లగా, మెత్తగా ఒక్కటి పడి ఉన్నా ఆ డబ్బా వెనక్కి పెట్టేయండి. చచ్చినదొకటి రెండు రోజుల్లో మిగతా పదకొండింటినీ తీసుకుపోతుంది.

ఇక ఏరుకోవడం. మా చిన్నప్పుడు గోదావరి కాలవల దగ్గర గాలానికి ఎర్రలు కావాలంటే పశువుల పాక వెనక పెంటకుప్ప పక్కన పలుగుతో నాలుగు పోట్లు పొడిస్తే చాలు, కొబ్బరి చిప్ప నిండేది. ఆ అలవాటుతోనే ఇక్కడా పార పట్టుకున్నాను. అరగంట తవ్వితే పెన్సిల్ ములుకంత బూడిద రంగువి ఆరు దొరికాయి, పచ్చిక పాడైంది. నైట్‌క్రాలర్ మన ఎర్రలా పైమట్టిలో అడ్డంగా తిరిగేది కాదు. నిట్టనిలువు బొరియలో కాపురం ఉంటుంది, పార అదురు తగలగానే అడుగుకి జారిపోతుంది. దాన్ని తవ్వి పట్టలేం, రాత్రి అది పైకి వచ్చినప్పుడే పట్టాలి.

ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబర్లో, వాన వెలిసిన రాత్రి, చీకటి పడ్డాక గంటన్నర రెండు గంటలకు బయటికి వెళ్లండి. గాలి ఉంటే వద్దు. చెప్పులు విప్పేసి సాక్సులతో నడుస్తాను నేను, అడుగు చప్పుడు వాటికి ఒంటితోనే తెలుస్తుంది. కళ్లు లేవు కానీ చర్మానికి వెలుగు తెలుస్తుంది. తెల్ల లైటు పడితే మాయం. ఎర్ర వెలుగును అంతగా పసిగట్టలేవు. టార్చికి ఎర్ర సెల్లోఫేను కాగితం రబ్బరు బ్యాండుతో కట్టుకుంటే పని జరిగిపోతుంది.

దగ్గరగా చూస్తే తెలుస్తుంది సంగతి. జానెడు పాము గడ్డి మీద చాచి ఉంటుంది, తోక మాత్రం బొరియలోనే. ఆ తోకే దాని లంగరు. తల పట్టుకుని లాగితే ఒంటి మీది సన్నని ముళ్లతో బొరియ గోడల్ని కరిచిపెట్టుకుంటుంది, గట్టిగా గుంజితే రెండు ముక్కలు. అందుకని బొరియ నోటి దగ్గరే రెండు వేళ్లతో అదిమిపట్టి ఊరుకోవాలి. లాగకూడదు. మూడు నాలుగు క్షణాలు బిగిస్తుంది, తర్వాత ఒక్కసారి సడలుతుంది. ఆ సడలినప్పుడు మెల్లగా పైకి తీస్తే సాఫీగా వచ్చేస్తుంది. మొదటి రాత్రి నేను పట్టిన ఇరవైలో ఎనిమిది తెగిపోయాయి. మా పెద్దమ్మాయి పట్టిన పదిహేనులో ఒక్కటీ తెగలేదు. దానికి ఓపిక ఎక్కువ, నాకు బుర్ర ఎక్కువ అని సరిపెట్టుకున్నాను.

తెగినవాటిని మంచివాటితో కలపకండి. కలుపు మందు, పురుగు మందు కొట్టిన పచ్చిక జోలికి వెళ్లకండి, పిల్లలు ఆ పాముల్ని చేత్తోనే గుచ్చుతారు కదా.

ఆవపిండి సంగతీ చెప్పాలి. నాలుగు లీటర్ల నీళ్లలో గుప్పెడు ఆవపిండి కలిపి అడుగు చదరం నేల మీద పోస్తే, ఆ ఘాటుకు నాలుగైదు నిమిషాల్లో పాములు పైకి తన్నుకొస్తాయి. ఇక్కడి పరిశోధకులు నేలలో ఎన్ని వానపాములున్నాయో లెక్కపెట్టడానికి ఇదే పద్ధతి వాడతారు. ఆవకాయకి మిగిలిన పిండితో నేనూ చేశాను. పట్టపగలు పని జరగడం ఒక సుఖం. కానీ వెంటనే మంచినీళ్లలో కడగకపోతే ఒళ్లు మండి అల్లాడిపోతాయి, కడిగినా ఎక్కువ రోజులు నిలవవు. ఆ సాయంత్రమే గాలానికి వాడేసేటట్టయితే సరే.

కరెంటు కడ్డీలు నేలలో గుచ్చి పాముల్ని రప్పించే పద్ధతి గురించి ఎవరైనా చెబితే వినకండి. తడి నేల, చేతిలో కరెంటు. అమెరికాలో దానివల్ల మనుషులు చచ్చిపోయారు. పోల్చి చూడాల్సిన పనే లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఏరినవాటిని ఎక్కడ పెట్టాలి?

మొదటి ఏడాది జూన్‌లో ఒక్క వాన రాత్రి మూడు వందలు ఏరాను. ప్లాస్టిక్ బకెట్లో పెరటి మట్టి నింపి, అందులో వేసి, గరాజ్‌లో పెట్టాను. నాలుగో రోజు తలుపు తీస్తే చేపల మార్కెట్టు మూసేశాక వచ్చే వాసన. బకెట్లో మిగిలింది జావ. రెండు తప్పులు చేశానని తర్వాత తెలిసింది. ఒకటి వేడి: వీటికి 4 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ హాయి, 20 దాటితే ఎక్కువ రోజులు నిలవవు. గరాజ్ ఆ రోజుల్లో 30 దాటుతుంది. రెండోది మట్టి: బకెట్లో తడిమట్టి అడుక్కి అణిగి బురదైపోతుంది, గాలాడదు.

మట్టి బదులు ఇప్పుడు నలుపు తెలుపు వార్తాపత్రిక సన్నగా చింపి, పీట్ మాస్ (తోటపనికి అమ్మే ఎండునాచు) కలిపి వాడుతున్నాను. రంగుల మెరుపు కాగితం వద్దు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక ఒక రోజు బకెట్లో నిలవబెట్టి కలపాలి. తడి ఎంత అంటే, గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. వారానికోసారి చెంచాడు మొక్కజొన్న పిండి పైన చల్లండి. ప్రేమకొద్దీ ఎక్కువ పెడితే పులిసి బూజు పడుతుంది. ఇలా వారం ఉంచిన పాము ఏరిననాటి కంటే గట్టిపడుతుంది, గాలం ముల్లుకు బాగా నిలుస్తుంది. షాపు డబ్బాలోవి ఈ ఒక్క విషయంలో వెనకబడ్డట్టే.

ఫ్రిజ్ అన్నిటికంటే మేలు. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గరే ఉంటుంది, వీటికి సరిగ్గా సరిపోతుంది, నెలన్నర దాకా బతికాయి నా దగ్గర. వెనక గోడకు ఆనించవద్దు, అక్కడ గడ్డకడతాయి. గాలికి మూతకు చిల్లులు పెట్టాలి, కానీ సన్నవి. నేను మేకుతో పెట్టాను. మర్నాడు పొద్దున్న మా ఆవిడ కొత్తిమీర కట్ట తీసి, ఒక్క క్షణం ఆగి, చాలా నెమ్మదిగా "ఏమండీ, ఒకసారి ఇటు రండి" అంది. కేకలు వేసి ఉంటే బాగుండేది. ఆ వారమే గరాజ్‌లో పెట్టుకోవడానికి పాత చిన్న ఫ్రిజ్ ఒకటి నలభై డాలర్లకు కొన్నాను. ఏరుకున్న పాములు ఉచితం అనేవాళ్లు ఈ నలభై కూడా కలిపి చెప్పాలి.

రెండో ఫ్రిజ్‌కి చోటు లేనివాళ్లకు థర్మోకోల్ పెట్టె, నీళ్ల సీసాలు. సీసాలు గడ్డకట్టించి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మార్చాలి. వారం రోజులకు బాగానే ఉంటుంది, రెండో వారం మనమే విసిగిపోతాం. బేస్‌మెంట్ వసంతంలో చల్లగా ఉన్నా జులైకి పనికిరాదు. అడుగున్నర పెట్టెలో వందకు మించి వేయకండి, మూడు రోజులకోసారి చేయి పెట్టి చచ్చినవాటిని ఏరేయండి.

ఇక్కడో హెచ్చరిక, ఆంధ్రాలో ఉన్నవాళ్లకి. మా బావమరిది పశ్చిమ గోదావరిలో వర్మికంపోస్టు బెడ్లు నడుపుతాడు. నా ఫొటోలు చూసి "బావా, మా దగ్గరా నైట్‌క్రాలర్లే ఉన్నాయి, ఫ్రిజ్‌లో పెట్టేదా?" అన్నాడు. పెట్టొద్దన్నాను. మన దగ్గర ఎరువుకు వాడే ఆఫ్రికన్ నైట్‌క్రాలర్, యూడ్రిలస్ యూజీనియే, వేరే జాతి. అది వేడి దేశపుది, చలికి చస్తుంది. పేరొక్కటే, గుణం తలకిందులు. దాన్ని నీడలో, తడి గోనె కింద ఉంచితే చాలు, పైగా బెడ్‌లోనే పెరుగుతుంది. బావమరిదికి కొనడం, ఏరడం, దాచడం అనే మూడు బాధలూ లేవు. ఈ పోటీలో గెలిచింది వాడే.

మా వైపు ఉండేవాళ్లకి నా మాట ఇది. వేసవిలో రెండు మూడు సార్లు వెళ్లేవాళ్లు డబ్బా కొనుక్కోండి, రాత్రి నిద్ర చెడగొట్టుకోకండి. ప్రతి శనివారం వెళ్లేవాళ్లు, ఫ్రిజ్‌లో చోటో, ఇంట్లో ఒప్పుదలో ఉన్నవాళ్లు ఏరుకోండి, కానీ రెండు వారాలకు సరిపడానే. జులై ఎండల్లో పచ్చిక ఎండి పాములు అడుక్కి వెళ్లిపోతాయి, అప్పుడు నేనూ షాపుకే వెళ్తాను.

మిగిలినవాటి మాట. మినెసోటాలో ఉన్న వానపాములన్నీ బయటనుంచి వచ్చినవే. మంచుయుగంలో హిమానీనదాలు ఈ నేలను కప్పేశాయి, అవి వెళ్లిపోయాక అడవులు వానపాములు లేకుండానే పెరిగాయి. ఇప్పుడు గాలం వేసేవాళ్లు చెరువు గట్టున పారబోసినవి అడవిలోకి పాకి, నేల మీది ఆకుల పొరను తినేస్తున్నాయి. ఆ పొరలో మొలిచే మేపుల్ మొలకలు, ఫెర్న్‌లు పోతున్నాయి. అందుకే ఇక్కడి సహజ వనరుల శాఖ మిగిలిన పాముల్ని చెత్తబుట్టలో వేయమంటుంది. వానపామంటే రైతు నేస్తం అని చదువుకున్నవాళ్లం, మొదటిసారి సంచిలో కట్టి చెత్తలో వేస్తుంటే చెయ్యాడలేదు. మా అమ్మ ఫోన్‌లో ఎప్పుడూ అడుగుతుంది, మిగిలినవి మట్టిలో వదిలేస్తున్నావు కదా నాన్నా అని. ఊఁ అంటున్నాను.