సహోద్యోగితో పేచీ వస్తే మెయిల్ పెట్టాలా, ఎదురుగా మాట్లాడాలా?

"నేను చేసిన పనిని తన ఖాతాలో వేసుకున్నాడు. మెయిల్ పెట్టనా, నేరుగా అడగనా?" కాస్త అటూ ఇటూగా ఈ ప్రశ్న తరచూ వస్తూనే ఉంది.

మెయిల్‌లో సుఖం ఉంది. నోరు జారదు, నాలుగుసార్లు దిద్దుకోవచ్చు, రేపు మాట మారిస్తే చూపించడానికి ఆధారం ఉంటుంది. కాదనను. కానీ నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: మన మాట తేడా కొట్టిందని మనకి ఎప్పుడు తెలుస్తుంది?

"ఆ స్లైడ్‌లో నా పేరు లేదేంటి?" అని ఎదురుగా అడిగారనుకోండి. అతని మొహం మారగానే తెలిసిపోతుంది. "తప్పు పట్టట్లేదండీ, మర్చిపోయారేమోనని" అని అప్పటికప్పుడు సర్దుకోవచ్చు. అదే ముక్క మెయిల్‌లో వెళ్తే ఆయన తన మూడ్‌ని బట్టి చదువుకుంటాడు. మేనేజర్‌ని సీసీలో పెట్టి జవాబిచ్చేదాకా మీకు సంగతే తెలియదు. అక్కణ్ణించి ఇద్దరూ రాసేది ఒకరికొకరు కాదు, చూస్తున్న ఆ మూడో మనిషి కోసం.

మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రూగర్, ఎప్లీల బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు వ్యంగ్యంగా, మామూలుగా వాక్యాలు పంపారు. తమ ఉద్దేశం దాదాపు 78 శాతం అర్థమవుతుందనుకున్నారు. మెయిల్‌లో చదివినవాళ్లు పట్టుకున్నది 56 శాతం. కళ్లు మూసుకుని చెప్పినా సగం ఒప్పవుతాయి కదా! గొంతు విన్నవాళ్లు మాత్రం 73 శాతం దాకా పట్టుకున్నారు. కాబట్టి మనిషి దూరంగా ఉంటే ఫోన్ చేసినా చాలు. (మన భావం చేరడంలో మాటల వాటా 7 శాతమే, మిగతాదంతా గొంతు, హావభావాలదేనని ట్రైనింగుల్లో చెప్పే లెక్కని మాత్రం ఇక్కడికి లాగకండి. ఆ లెక్కకి మూలమైన మనస్తత్వవేత్త మెహ్రాబియన్ 1967లో చూసింది ఇష్టాయిష్టాలు తెలిపే తీరుని, అన్ని రకాల సంభాషణల్ని కాదు.)

మాట్లాడాక రెండు లైన్ల మెయిల్ పెట్టండి: "ఇందాక అనుకున్నట్టు, ఇకపై రిపోర్టులో ఇద్దరి పేర్లూ ఉంటాయి." ఆధారం కావాలనుకునేవాళ్లకి అది సరిపోతుంది.

చాట్‌లో మెయిల్ నష్టాలన్నీ ఉన్నాయి, దిద్దుకునే తీరిక కూడా ఉండదు. మేనేజర్ దగ్గరికంటారా, ఒకసారి మాట్లాడి చూశాకే.

బెదిరింపు, వేధింపు అయితే ఇదంతా పక్కన పెట్టేయండి. ఒంటరిగా మాట్లాడ్డానికి వెళ్లొద్దు. తేదీ, టైమ్, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుని, నేరుగా హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.