ట్రక్కుకి బ్లాక్ హీటర్ కార్డ్: ఏడు చలికాలాలు వాడాక నా అనుభవం

ముందే చెప్తున్నా, కార్డ్ అంటే ఏటీఎం కార్డు కాదు, చలికి బిగుసుకోకుండా ఇంజన్ ని వెచ్చబెట్టడానికి దాని బ్లాక్ (ఇంజన్ ఇనుప దిమ్మ) లో ఉండే హీటర్ కి కరెంటు ఇచ్చే వైరు. గందరగోళం లేకుండా ఇక వైరు అనే రాస్తా.

నా బండి 2014 రామ్ 2500, 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్. డాలస్ లో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్ లో కొన్నా (ఐటీ వాడికి డీజిల్ ట్రక్కెందుకని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది, ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు). 2018 నవంబర్లో ఉద్యోగం ఫార్గోకి మారితే సామానంతా ట్రైలర్లో వేసుకుని నార్త్ డకోటా దాకా దాంతోనే లాక్కొచ్చా. ఇక్కడికొచ్చాక చూస్తే ప్రతి బండి గ్రిల్ లోంచి ఒక ప్లగ్గు బయటికి వేలాడుతోంది, అబ్బో ఊరంతా ఎలక్ట్రిక్ బండ్లే అనుకున్నా, నవ్వకండి.

ఆ జనవరి ఆఖర్లో పోలార్ వోర్టెక్స్ (ఉత్తర ధ్రువం నుంచి దిగే విపరీతమైన చలిగాలి) వచ్చింది. ఫారెన్‌హీట్ లో మైనస్ 30 ప్రాంతం, అంటే సెంటీగ్రేడ్ లో మైనస్ 34. పొద్దున్నే తాళం తిప్పితే ఇంజన్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. నేనింకా టెక్సస్ లో పోయించిన 15డబ్ల్యు-40 (చలికి చిక్కబడే రకం) ఇంజన్ ఆయిల్ తోనే తిరుగుతున్నా, ఆ చలికి అది పాకం ముదిరినట్టు అయిపోయి ఉంటుంది, బ్యాటరీలు సగం బలం కూడా ఇవ్వవు, పైగా డీజిల్ కి స్పార్క్ ఉండదు కదా, గాలిని నొక్కితే పుట్టే వేడికే అంటుకోవాలి, ఆ పుట్టిన కాస్త వేడినీ మంచుగడ్డలా ఉన్న ఇనుము మింగేస్తుంది. గ్రిడ్ హీటర్ ఉంది కదా అంటారేమో, అది లోపలికెళ్ళే గాలిని మాత్రమే వేడి చేస్తుంది, ఇంజన్ ని కాదు.

పక్కింటి పెద్దాయన వచ్చి బండి ముందు వంగి చూసి "నీ వైరేది?" అన్నాడు. లేదన్నా. టార్చి తెచ్చి కింద దూరి ఇంజన్ పక్కన ఒక మూత చూపించి, హీటర్ లోపలే ఉంది, వైరే లేదు అన్నాడు. ఆ మాటతో నాకు నిజంగా ఒళ్ళు మండింది (ఆ చలిలో మండింది అదొక్కటే). బండితో పాటే 750 వాట్ల హీటర్ ఇంజన్ లో కూర్చుని ఉంది, వైరు మాత్రం విడిగా కొనుక్కోవాలట, టెక్సస్ లో ఎవరికి కావాలి, ఎవరూ కొనలేదు. ఇల్లంతా గీజర్లు పెట్టి స్విచ్ బోర్డు మర్చిపోయినట్టు.

బిగించడం గురించి. పెద్ద పనేం కాదు, నాకు గంటన్నర పట్టింది, అందులో అరగంట ఫెండర్ లైనర్ (చక్రం పైన లోపలివైపు ఉండే ప్లాస్టిక్ తొడుగు) క్లిప్పులతోనే సరిపోయింది. చలికి ఆ ప్లాస్టిక్ క్లిప్పులు పట్టుకుంటే విరుగుతాయి, ఒక పది ఎక్స్‌ట్రా కొని పెట్టుకోండి. ప్యాసింజర్ వైపు ముందు చక్రం తీసి లైనర్ పక్కకి లాగితే, ఆయిల్ ఫిల్టర్ ఉన్న వైపే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాలు) కింద బ్లాక్ మీద కనిపిస్తుంది ఆ మూత. ఇంజన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి. మూత తీసి, వైరు కొనకముందే మల్టీమీటర్ తో రెండు పిన్నుల మధ్య చూసుకోండి, 120 వోల్టులకి 750 వాట్లంటే 19 ఓమ్స్ దరిదాపుల్లో రావాలి, అసలేం చూపించకపోతే హీటరే పోయినట్టు, అప్పుడు వైరు కొని లాభం లేదు. పిన్నుకీ బ్లాక్ కీ మధ్య మాత్రం ఏమీ చూపించకూడదు. తర్వాత పిన్నులు శుభ్రం చేసి, డైఎలక్ట్రిక్ గ్రీజు (తడి చేరకుండా కాపాడే, కరెంటు పారనివ్వని గ్రీజు) పూసి, వైరు గట్టిగా లోపలికి నెట్టి రింగు చేత్తో బిగించడమే.

అసలు జాగ్రత్త వైరు ఎటునుంచి ఎటు లాగుతున్నాం అన్న దగ్గర ఉంది. టర్బో, ఎగ్జాస్ట్ పైపు కూడా ఆ పక్కనే, వాటికి తగిలితే కరిగిపోతుంది, ఫ్యాన్ కి దూరంగా ఉండాలి, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రానికి రాసుకోకూడదు. నేను మొదటిసారి జిప్ టైలు పిసినారిగా నాలుగే వేశా, రెండోసారి పన్నెండు వేశా.

రెండోసారి ఎందుకంటే మొదటి వైరు ఆన్‌లైన్ లో చవగ్గా దొరికిందని పేరులేని రకం కొన్నా. రెండు చలికాలాలు బానే చేసింది, మూడో ఏడు జనవరిలో ఒక పొద్దున బండి స్టార్ట్ కాలేదు, తీసి చూస్తే హీటర్ కి తగిలే చివర నల్లగా కాలి కరిగిపోయి ఉంది. లోపల వదులై వేడెక్కినట్టుంది, రోడ్ల మీద వేసే ఉప్పు కూడా లోపలికి చేరింది. హీటర్ పిన్ను పాడవలేదు, అది నా అదృష్టం. అప్పుడు మోపార్ (రామ్ బండ్ల కంపెనీ సొంత పార్టుల బ్రాండ్) వాళ్ళ అసలు వైరు తెచ్చి వేశా, రెట్టింపు పైనే అయింది, కానీ 2021 నుంచి అదే నడుస్తోంది. ప్రతి అక్టోబర్లో ఒకసారి విప్పి గ్రీజు మారుస్తా, అంతే.

వాడకం సంగతి. మొదటి ఏడాది భయంతో రాత్రంతా పెట్టి ఉంచేవాణ్ణి, దండగ. ఇప్పుడు అవుట్‌డోర్ టైమర్ పెట్టి బయల్దేరే టైముకి మూడు నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేట్టు చేశా, నాలుగు గంటలకి 3 యూనిట్లు, పొద్దున టీ ఖర్చు కూడా కాదు. ప్లగ్ పెట్టిన కాసేపటికి ఇంజన్ దగ్గర చెవి పెడితే కెటిల్ లో నీళ్ళు కాగుతున్నట్టు సన్నగా సుయ్ మని వినిపిస్తుంది, అది వినిపించిందంటే పనిచేస్తున్నట్టే. బయట మైనస్ 20 ఉన్న రోజుల్లో కూడా డాష్ లో కూలెంట్ (ఇంజన్ లో తిరిగే ద్రవం) 60, 70 ఫారెన్‌హీట్ చూపిస్తుంది, ఒక్క తిప్పుకి స్టార్ట్, క్యాబిన్ లో వేడి గాలి కూడా చాలా ముందుగా వస్తుంది. నాన్నకి ఫోన్లో చెప్తే "బండికి కూడా హీటరేందిరా" అని ఒకటే నవ్వు. మా ఊళ్లో బ్యాటరీ ఢీలా అయిన ట్రాక్టర్ని రాత్రి ఏటవాలులో ఆపేవాళ్ళం, పొద్దున దొర్లించి గేరులో వేస్తే స్టార్టయ్యేది. ఫార్గోలో ఆ పప్పులుడకవు, ఊరు పలకలా ఉంటుంది, ఏటవాలు వెతుక్కోవాలంటే మిన్నెసోటా పోవాలి.

ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం సన్నది వాడకండి. ఆరు ఆంపియర్ల పైన లాగుతుంది, 14 గేజ్ అయినా ఉండాలి, దూరమైతే 12 (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), అదీ చలికి బిరుసెక్కని రబ్బరు రకం, మామూలు ప్లాస్టిక్ ది మైనస్ 20లో కర్రలా నిలబడుతుంది. కూలెంట్ తీసేసి ఉన్నప్పుడు పొరపాటున కూడా ప్లగ్ పెట్టొద్దు, హీటర్ నిమిషాల్లో మాడిపోతుంది.

ఇంకోటి, ఇది డీజిల్ గడ్డకట్టడాన్ని ఆపదు. కొత్తగా వచ్చినవాళ్ళు హీటర్ ఉంది కదా అనుకుని పాత డీజిల్ తోనే తిరిగి ఫిల్టర్ మూసుకుపోయి రోడ్డు మీద ఆగిపోతారు. చలికి గడ్డకట్టకుండా తయారుచేసిన చలికాలం డీజిల్ పోయించుకోవాలి, ఇంజన్ ఆయిల్ చలిలోనూ పల్చగా ఉండే 5డబ్ల్యు-40 సింథటిక్ కి మార్చాలి.

ఇన్నేళ్ళలో నా తప్పు ఒకటుంది, ప్లగ్ తీయకుండా రివర్స్ చేసి గరాజ్ గోడ మీద సాకెట్ ని ఊడబెరికా. వైరుకి ఏమీ కాలేదు, గోడకే అయింది. అప్పట్నించి ప్లగ్ పెట్టిన రాత్రి ట్రక్కు తాళాలు ఆ సాకెట్ పక్కన మేకుకే తగిలిస్తున్నా.