పాత బ్లాకు బాగుచేసుకోవాలా, కొత్త పాలిమర్ ప్లేటు చేయించుకోవాలా?

లెటర్‌ప్రెస్ (ఉబ్బెత్తు అచ్చుకి ఇంకు పూసి కాగితం మీద ఒత్తే పాత ముద్రణ పద్ధతి) మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. బ్లాకు అంటే బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్న లోహపు రేకుని చెక్క దిమ్మకి కొట్టినది, పాలిమర్ ప్లేటు అంటే అదే పని చేసే ప్లాస్టిక్ లాంటి పలక. సొంత లెటర్‌పేపర్లు, కార్డులు వేసుకోవడానికి రెండూ వాడుతున్నాను. నా మొగ్గు మాత్రం పాత బ్లాకు వైపే, ముందే చెప్పేస్తున్నా.

పాత జింకు బ్లాకు చేతికి రాగానే అందరూ పైన ఎండిపోయిన ఇంకు చూసి భయపడతారు. గుడ్డని కిరోసిన్‌లో తడిపి కాసేపు పైన వేసి ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే అది వదిలిపోతుంది. వైర్ బ్రష్ మాత్రం వద్దు, జింకు మెత్తన, పడ్డ ప్రతి గీతా కాగితం మీద కనిపిస్తుంది. వెనిగర్ అయితే జింకునే తినేస్తుంది.

అసలు చూడాల్సింది బ్లాకు అడుగు. అచ్చు ఎత్తు, అంటే అడుగు నుంచి ఇంకు అంటే పైభాగం దాకా, 0.918 అంగుళాలు, అంటే దాదాపు 23.3 మిల్లీమీటర్లు ఉండాలి. అందులో లోహం అంటే పైనుండే పల్చటి రేకు మాత్రమే, మిగతా ఎత్తంతా చెక్క దిమ్మదే, ఆ చెక్కేమో ఏళ్ల తరబడి ఎండి కుంచించుకుపోయో వంగిపోయో ఉంటుంది. ఎత్తు కాస్త తగ్గితే అడుగున కాగితాలు అంటించి సరిచేయొచ్చు. వంకరపోతే మాత్రం మేకులు ఊడదీసి రేకుని కొత్త దిమ్మకి ఎక్కించాల్సిందే. మొదట్లో నేను ఓ లతల బార్డర్ బ్లాకుని రాత్రంతా నీళ్లలో నానబెట్టాను (తెలివి!), పొద్దున్నకి చెక్క ఉబ్బి ఒక మూల పైకి లేచింది. అది ఆరాక అచ్చు వేస్తే ప్రతి కాగితం మీదా అదే మూల ఓ నల్ల చుక్క. దుమ్మనుకుని నాలుగుసార్లు తుడిచాను. తీరా చూస్తే పైకి లేచిన మేకు తల.

పాలిమర్‌తో ఈ తలనొప్పి లేదు. యూవీ లైటు తగిలినచోట గట్టిపడుతుంది, మిగతాది నీళ్లతో కడిగితే పోతుంది. దాన్ని మెటల్ బేస్ మీద అంటిస్తే ఎత్తు సరిగ్గా కుదురుతుంది. మీ పేరు, అడ్రస్ పాత బ్లాకులో ఎటూ ఉండవు కాబట్టి అక్షరాలకి ఇదే దారి. కాకపోతే బయట వదిలేస్తే అంచులు చుట్టుకుపోతాయి, గాలి చొరని కవర్లో పెట్టి వెలుతురుకి దూరంగా ఉంచండి.

రాగి బ్లాకు దొరికితే ఆలోచించకుండా తీసుకోండి. మెగ్నీషియం బ్లాకు మీద తెల్లటి పొడి, గుంటలు కనిపిస్తే వదిలేయండి. బ్లాకులతో పాటు సీసంతో పోతపోసిన అచ్చు అక్షరాలు కూడా వాడుతుంటే, వాటిని ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

మొన్న వేసుకున్న నా లెటర్‌పేపర్లకి పైన ఆ లతల బార్డరే, కింద పేరు పాలిమర్‌తో. రెండూ ఒకేసారి మిషన్‌కి ఎక్కించలేదు. మందపాటి కాటన్ పేపర్లో లోతుగా దిగాలంటే పాలిమర్‌కి గట్టి ఒత్తిడి కావాలి, అదే ఒత్తిడి పాత జింకు మీద పెడితే సన్న గీతలు నలిగిపోతాయి. అందుకే ముందు బార్డర్ తేలిగ్గా తగిలించి, ఇంకు ఆరాక పేరు వేశాను.