మూడేళ్లుగా వాడుతున్న నానోట్యూబ్ పేస్ట్

జీడిమెట్లలో మాది చిన్న పెయింట్ల యూనిట్. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల నేలకి వేసే యాంటీస్టాటిక్ (స్టాటిక్ కరెంటు పేరుకోనివ్వని) ఎపాక్సీ కోటింగ్‌లో మూడేళ్లుగా కార్బన్ నానోట్యూబ్ డిస్పర్షన్ వాడుతున్నాం. ఎపాక్సీ రెజిన్‌లోనే కలిపి ఇచ్చే చిక్కటి నల్ల పేస్ట్ ఇది.

అంతకుముందు అమ్మోనియం సాల్ట్ రకం వేసేవాళ్లం. అది గాలిలో తేమ పట్టుకుని పనిచేస్తుంది. వానాకాలంలో నేల నిరోధం రీడింగ్ భేషుగ్గా ఉండేది, ఏప్రిల్ రాగానే కస్టమర్ నుంచి ఫోన్. మసిలాంటి నల్లపొడి కార్బన్ బ్లాక్‌తో ఆ బాధ లేదు కానీ మోతాదు బాగా పడుతుంది, పెయింట్ ముద్దకట్టి నేల మీద సాఫీగా పరుచుకోదు, రంగూ నలుపే. నానోట్యూబులు సన్నటి పొడవాటి పోగులు. కొంచెం వేసినా ఒకదానికొకటి తగులుకుని కరెంటుకి దారి ఇస్తాయి. ఇప్పుడు బూడిద రంగు నేల కూడా ఇస్తున్నాం. తెల్లది మాత్రం అడగొద్దు.

ఇక ఏడిపించిన సంగతి. మొదటి బ్యాచ్‌లో పేస్ట్‌ని తిన్నగా పెద్ద డ్రమ్ములో వేసి తిప్పాం. చూడ్డానికి బాగానే కలిసింది. నేల ఆరాక మీటర్ పెడితే ఒక మూల 10 లక్షల ఓమ్‌ల లోపే, నాలుగడుగుల అవతల 100 కోట్లు దాటింది. కావలసింది ఆ రెండింటి మధ్య. మొత్తం గీకించి మా ఖర్చుతోనే మళ్లీ వేశాం. తప్పు పేస్ట్‌ది కాదు, మాదే. ముందు కొద్దిపాటి రెజిన్‌లో పలచన చేసి, గేజ్ (రేణువుల సైజు చూసే పరికరం) మీద గింజలు కనబడనంత వరకు హైస్పీడ్‌లో తిప్పాలి. మిగతా రెజిన్, ఫిల్లర్ ఆ తర్వాతే. అలాగని గంటల తరబడి తిప్పితే పోగులు తెగిపోయి వాహకత తగ్గుతుంది. ఎంతసేపు తిప్పాలో తేలేసరికి పదిపన్నెండు టెస్ట్ ప్యానెళ్లు పాడయ్యాయి.

బ్యాటరీ ల్యాబ్‌లో పనిచేసే మా తమ్ముడు ఈ డబ్బా చూసి నవ్వాడు. వాళ్లు వాడేది ఎన్‌ఎంపీ అనే ద్రావకంలోనో నీళ్లలోనో కలిపినది. ట్యూబుల తయారీలో వాడే ఇనుము, కోబాల్ట్ అందులో చాలా తక్కువగా ఉండాలి, లోహం మిగిలితే సెల్ లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

నానోట్యూబుల కిలో ధర కార్బన్ బ్లాక్ కన్నా చాలా ఎక్కువ. నలుపు ఫర్వాలేదన్న చోట నేను ఇప్పటికీ కార్బన్ బ్లాకే వేస్తాను. నానోట్యూబులని పొడి రూపంలో తీసుకోమన్నారు, వద్దన్నాను. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. అమెరికాలో కార్మికుల ఆరోగ్య భద్రత చూసే నియోష్ సంస్థ ఘనమీటరు గాలిలో 1 మైక్రోగ్రాము దాటకూడదని సిఫార్సు చేసింది. మొన్న ఒక సైట్‌లో పాత కోటింగ్ గీకుతూ మా కుర్రాడు మాస్కు మెడకి దించుకుంటే, పని ఆపించాను.