ఫ్యామిలీ మీడియేటర్ దగ్గర మొదటి సిట్టింగ్: ఎంతవరకు పనికొస్తుంది?

భార్యాభర్తల తగువు కోర్టుకెక్కకముందు మధ్యవర్తి దగ్గర కూర్చోవడం మంచిదే. కాకపోతే చేతిలో కాగితాలు లేకుండా వెళ్తే మొదటి సిట్టింగ్ అంతా ఏడుపులూ ఎత్తిపొడుపులతోనే గడిచిపోతుంది.

గోదావరి డెల్టాలో రెండు దారులున్నాయి. ఒకటి ఉచిత న్యాయసహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ. రాజమహేంద్రవరం, ఏలూరుల్లో జిల్లా సంస్థలు, అమలాపురం, భీమవరం, నరసాపురం కోర్టుల్లో మండల సంఘాలు ఉన్నాయి. కేసు వేయకుండానే అర్జీ పెట్టుకోవచ్చు, అవతలివాళ్లకు నోటీసు వాళ్లే పంపుతారు, ఫీజు లేదు. వాళ్ల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా వివరం చెబుతారు. రెండోది ప్రైవేటు మధ్యవర్తి. ఫీజు సిట్టింగ్‌కా, గంటకా, ఇద్దరిలో ఎవరెంత ఇవ్వాలో ఫోన్లోనే తేల్చుకోండి. సెటిల్‌మెంటులో శాతం అడిగేవాళ్ల జోలికి అసలు పోవద్దు, అంకె పెరిగితేనే వాళ్లకు లాభం.

ఊళ్లో పెద్దమనుషుల్లా మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, అందులో ఏ మాట అవతలివాళ్లకు చెప్పొచ్చో మిమ్మల్నే అడగాలి. అలా అడగలేదంటే అనుమానించండి. బంధువులను బయటే కూర్చోబెట్టండి. ఇటు మేనమామ, అటు బావగారు చేరితే సగం సమయం పెట్టుపోతల లెక్కకే సరి.

ఎక్కువ సిట్టింగ్‌లు ఆగిపోయేది బంగారం దగ్గరే. ‘ముప్పై కాసులు పెట్టాం’ అంటే తేలదు. ఒక కాగితం మీద గళ్లు గీసి నగ పేరు, గ్రాములు (కాసంటే 8 గ్రాములు), బిల్లుందా, పెళ్లి ఆల్బంలో ఏ ఫోటోలో కనిపిస్తోంది, ఇప్పుడు ఎవరి దగ్గరుంది అని రాయండి. తాకట్టులో ఉంటే బ్యాంకు రసీదు, ఇప్పటి బాకీ జతచేయండి.

ఆ తర్వాతి చిక్కు ఆదాయం. జీతమైతే బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. రొయ్యల చెరువైతే బాగా పండిన ఒక్క పంట చూసి భరణం అంకె వేయకూడదు. మరుసటి పంటకు వైట్‌స్పాట్ తెగులు తగిలిందంటే డబ్బు ఆగుతుంది, ఒప్పందమూ చెడుతుంది. కనీసం రెండేళ్ల లీజు కాగితాలు, మేత బిల్లులు, అమ్మకం రసీదులు చూసి సగటు తీయమనండి. పొలం, కొబ్బరితోట ఉంటే 1బీ, అడంగల్ (రెవెన్యూ భూమి రికార్డులు), ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసిచ్చే లావాదేవీల పత్రం) చూడమనండి. భర్త కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే వీడియో కాల్‌లోకి ఆయనే రావాలి. ‘మావాడు ఒప్పుకుంటాడు’ అన్న తండ్రి మాట మీద ఏదీ ఖాయం చేయొద్దు.

కుదిరిన ఒప్పందం ఏ రూపంలో వస్తుందో లేచేముందు అడగండి. లోక్ అదాలత్ (న్యాయ సేవాధికార సంస్థ నడిపే రాజీ వేదిక) ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అందుకే సంతకానికి ముందు సొంత లాయరుకు చూపించాలి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయ సేవాధికార సంస్థే ఉచితంగా లాయరును ఇస్తుంది. ప్రైవేటు ఒప్పందంలో భూమి రాసిస్తే రిజిస్ట్రేషన్ తప్పదు. ఇక హిందూ వివాహాల్లో, రుజువైన కులాచారం ఉంటే తప్ప, స్టాంపు కాగితం మీద విడాకులు చెల్లవు. పరస్పర అంగీకారంతో అయినా ఏడాది విడిగా ఉన్నాకే కోర్టుకు వెళ్లాలి. అర్జీ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

కొట్టడం, బెదిరించడం ఉన్నచోట ఎదురెదురుగా కూర్చోవడానికి ఒప్పుకోకండి. ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ, ప్రమాదం దగ్గరలో ఉంటే అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి. ఇంట్లో భయం ఉందా అని విడిగా, మొట్టమొదటే అడగని మధ్యవర్తి దగ్గర రెండో సిట్టింగ్‌కు డబ్బు కట్టొద్దు.