చెట్టా, స్టారా, పశువుల పాకా? పిల్లలున్న ఇంట్లో ఏది మేలు?

నవంబరు నెలాఖరు వచ్చిందంటే ఒడిశాలోని మా జయపురం తల్లులు నన్ను ఆపి అడిగేది ఒక్కటే. "అక్కా, ఈసారి చెట్టు కొనమంటావా, స్టార్ కట్టమంటావా, పాక వెయ్యమంటావా?" పాక అంటే యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో ఇంట్లో కట్టుకోవడం. సండే స్కూల్ చూసుకునే మనిషిని కాబట్టి నా దగ్గర జవాబు ఉంటుందని వాళ్ల నమ్మకం. మూడూ పెట్టుకోగలిగినవాళ్లకు ఈ ప్రశ్నే రాదు. రెండు గదుల అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, పండగ బట్టలకే సగం జీతం అయిపోయే సంసారం ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను చూసేది అందం కాదు, ఖర్చు కూడా రెండో మాటే. ఆ పని ఎన్ని రోజులు సాగుతుంది, అందులో పిల్లల చేతికి ఎంత వస్తుంది అన్నదే నా లెక్క. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం ఉంది. ఆ నాలుగు వారాలూ "ఇంకా ఎన్ని రోజులమ్మా" అని పిల్లలు ప్రాణం తోడేస్తారు. ఈ గోల ఇవాళ్టిది కాదు. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిష్ విహెర్న్ అనే పాస్టరుగారు ఈ పోరు పడలేకే ఒక పాత బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టారు. మామూలు రోజులకు చిన్న ఎర్రవి, ఆదివారాలకు పెద్ద తెల్లవి. రోజుకొకటి వెలిగిస్తూ పోతే ఎన్ని మిగిలాయో పిల్లలే చూసుకునేవారు. 1882లో మా కోరాపుట్ వైపు వచ్చిన బ్రెక్లుం మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లదీ ఆ ఉత్తర జర్మనీయే. ఆ చక్రం కిటుకు ఏమిటంటే, రోజూ ఏదో ఒక చిన్న పని మిగిలి ఉండడం. ఇంట్లో ఏం పెట్టినా నేను దాన్నే వెతుకుతాను.

చెట్టు సంగతి. ప్లాస్టిక్ చెట్టు అయితే అటక మీది అట్టపెట్టె దింపి, కొమ్మలు విప్పి, బంతులు, గంటలు తగిలించేసరికి ఒక సాయంత్రం. ఆ సాయంత్రం మాత్రం పిల్లలకు నిజంగానే పండగ. పోయినేటి బంతులు చూసి "ఇది నాది, అది నీది" అని కొట్టుకోవడంలో కూడా ఒక ముచ్చట ఉంది. మర్నాటి నుంచి? సీరియల్ బల్బుల స్విచ్ వెయ్యడం, తియ్యడం. "ముట్టుకోకు, పడిపోతుంది" అన్న మాటే ఎక్కువ వినబడుతుంది. బరంపురం, శ్రీకాకుళం వైపు బంధువులున్నవాళ్లు సరుగుడు కొమ్మ తెప్పించుకుంటారు. ఇంట్లోకి రాగానే ఆ వాసన బాగుంటుంది గానీ, త్వరగా ఎండిపోయి ఆకు రాలుతుంది. ఎండిన కొమ్మకు నాసిరకం లైట్ల తీగ చుట్టడం ప్రమాదం. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు అని అమ్మే అరకేరియా కుండీ మా చలి ఊళ్లకు సరిపోతుంది. ఏడాది పొడవునా నీళ్లు పోసే పని పిల్లలకు అప్పజెప్పొచ్చు. కొమ్మలు సున్నితం, బరువైన బంతులు తగిలించొద్దు. చెట్టే కావాలనుకుంటే నా ఓటు దీనికే.

ఇక స్టార్. రెడీమేడ్ ప్లాస్టిక్ స్టార్‌కి నేను చెప్పేదేం లేదు, మేకు కొట్టి తగిలించి ప్లగ్ పెట్టడమే. చేత్తో కట్టే స్టార్ దారి వేరు. పది వెదురు బద్దలు తెచ్చి, అయిదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టాలి. వాటిని ఒకదానిమీద ఒకటి పెట్టి అయిదు మొనలూ దారంతో బిగించి, లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్లా చిన్న పుల్లలు అడ్డం పెడితే మధ్యలో ఉబ్బి నిలబడుతుంది. బద్ద చీల్చడం పెద్దవాళ్ల పని, కాగితం అంటించడం పిల్లల పని. మైదా జిగురులో పురుగు పట్టకుండా పాత రోజుల్లో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లల చేతికిచ్చే జిగురులో వద్దు. మా వైపు ఇంకో చిక్కు మంచు. డిసెంబరు రాత్రుల్లో కురిసే మంచుకి గాలిపటం కాగితం తడిసి, జిగురు ఊడి, తెల్లారేసరికి స్టార్ చెవులు వేలాడేస్తుంది. చూరు కింద కట్టండి, లేదా జిలెటిన్ పేపర్ వాడండి. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, పాతకాలపు గుండ్రటి బల్బు వేడికి కాగితం అంటుకోగలదు.

స్టార్‌కి చదువు వాసన కూడా ఉంది. ఇరవై అయిదు మొనలతో అమ్ముతున్న మొరావియన్ స్టార్, 1830ల్లో జర్మనీలోని నీస్కీ అనే ఊరి బళ్లో జ్యామితి నేర్పడానికి పిల్లల చేత చేయించిన బొమ్మ నుంచి పుట్టింది. పైగా మన ఊళ్లలో స్టార్ ఊరికే వేలాడదు. అర్ధరాత్రి క్యారల్స్‌కి వచ్చే జట్టు దూరం నుంచి చూసేది దాన్నే. అందుకే ఎనిమిదో తరగతి దాటిన పిల్లలుంటే కళ్లు మూసుకుని స్టార్ కట్టించండి. చిన్నపిల్లలతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, నాలుగు సాయంత్రాలు బాగా గడుస్తాయి, పైకి కట్టేశాక ఇక అది వాళ్లకు అందదు.

నా మనసు ఎటుందో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంటికి పశువుల పాకే మేలంటాను. డిసెంబరుకి కోతలైపోయి ఉంటాయి, వరిగడ్డి ఎవరిని అడిగినా ఇస్తారు. అట్టపెట్టె ఒకటి, కుమ్మరి మట్టి ఒక ముద్ద ఉంటే చాలు. మొదటి వారం పాక, రెండో వారం గొర్రెలు, మూడో వారం కాపరులు. నక్షత్రాన్ని చూసి కానుకలతో యేసును వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానుల్ని మాత్రం పాక దగ్గర పెట్టకూడదు. ఇంట్లో ఆ చివర కిటికీ దగ్గర మొదలుపెట్టి రోజుకో జానెడు జరపాలి. ఇవాళ ఫ్రిజ్ మీద, రేపు టీవీ పక్కన. పొద్దున్నే లేచి "జ్ఞానులు ఎంతవరకు వచ్చారు" అని పరుగెత్తే పిల్లలకు ఇంకెన్ని రోజులని అడగాల్సిన పని ఉండదు. పాకలోని మేత తొట్టి ఇరవై నాలుగో తేదీ రాత్రి దాకా ఖాళీగానే ఉంటుంది. ఆరాధన నుంచి వచ్చాక, ఇంట్లో అందరికంటే చిన్నవాడి చేత అందులో బాలయేసు బొమ్మను పెట్టించాలి. జ్ఞానులు జనవరి 6కి చేరతారు. అంటే క్రిస్మస్ అయిపోయాక కూడా పని ఉంది!

జ్ఞానులు ముగ్గురేనా అని అడుగుతారు. సువార్తలో మత్తయి లెక్క చెప్పలేదు, కానుకలు మూడని మాత్రమే రాశాడు. ఇంకో సువార్త రాసిన లూకా తొట్టి గురించి చెప్పాడు గానీ ఎద్దు, గాడిద మాట ఎత్తలేదు. కాబట్టి పిల్లలు గేదెను చేసినా, కోడిని చేసినా అడ్డు చెప్పకండి. మా సండే స్కూల్ పాకలో ఒక ఆటో కూడా ఉంది. మరియమ్మ అంత దూరం నడవలేదు కదా అన్నాడు చేసినవాడు. ఇక్కడి ఇరుగుపొరుగు పిల్లలు కూడా ఈ పనిలోకి సులువుగా వచ్చేస్తారు. తెలుగు ఇళ్ల పిల్లలకు బొమ్మల కొలువు తెలుసు. ఒడియా ఇళ్లలో అదే రోజుల్లో లక్ష్మి పూజ చేసే మార్గశిర గురువారాలు నడుస్తుంటాయి. పిండి నీళ్లతో గుమ్మంలో ఝొటి అనే ముగ్గు వేసి లక్ష్మి పాదాలు దిద్దే పిల్లకు మట్టి గొర్రె ఎంత పని?

ఒక అభ్యంతరం నిజంగా ఉంది. బాప్టిస్టు ఇళ్లలో కొందరు, మా సంఘంలో కూడా పెద్దవాళ్లు, "బొమ్మలు పెట్టడం మన పద్ధతి కాదమ్మా" అంటారు. ఆ మాటను కొట్టిపారెయ్యను. కానీ 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సాధువు ఏర్పాటు చేసిన పాకలో విగ్రహాలు లేవు. గడ్డి వేసిన తొట్టి, నిజం ఎద్దు, నిజం గాడిద, అంతే. ఇంట్లో పెద్దలు నొచ్చుకుంటారనుకుంటే మీరూ అలాగే చేయండి. గొర్రెలు, గేదెలు, ఖాళీ తొట్టి చాలు, కథ పిల్లలకు ఎలాగూ తెలుసు. మంచి పని చేసినప్పుడల్లా తొట్టిలో ఒక గడ్డిపరక వేయించే పద్ధతి కొందరికి ఇష్టం. నాకు నచ్చదు. తమ్ముడికి చాక్లెట్ ఇచ్చి వెంటనే పరక అడిగే పిల్లల్ని చూశాను, అది లంచంలా తోస్తుంది.

పాకకూ తిప్పలున్నాయి. గడ్డిలో పిల్లి పడుకుంటుంది. కొవ్వొత్తి ఆ దరిదాపుల్లోకి రాకూడదు. మూడేళ్లలోపు పిల్లలుంటే మట్టి నోట్లో పెట్టుకుంటారు, అలాంటప్పుడు కుండీలో చెట్టే నయం. పండగయ్యాక బొమ్మల్ని పాత పేపర్లలో చుట్టి దాచండి, కాలు విరిగిన గొర్రెకు వచ్చే ఏడు అగ్గిపుల్ల గుచ్చుకోవచ్చు.

బెలూన్లు, థర్మాకోల్ అక్షరాలు, స్ప్రే మంచు గురించి అడిగేవాళ్లకు: వద్దు. గుమ్మంలో నక్షత్రం ముగ్గు మాత్రం ఏది పెట్టినా వెయ్యొచ్చు.

పాకే వేద్దామనుకుంటే మట్టి సంగతి ఇప్పుడే చూసుకోండి. బొమ్మ పగలకుండా మట్టిలో సన్నగా తరిగిన గడ్డి కలిపి, నీడలో ఆరబెట్టాలి. మన పొగమంచులో ఆ ఆరడానికే చాలా రోజులు పడుతుంది, ఆ తర్వాత గానీ రంగు పట్టదు.