కోనసీమలో మూడు రోజులు: రిసార్ట్‌లో ఒక రాత్రి, రైతు ఇంట్లో ఒకటి

ముందే చెప్పేస్తున్నా, కొబ్బరి చెట్ల కింద ఫొటోలు దిగి సాయంత్రం పడవ ఎక్కి వచ్చేద్దాం అనుకునేవాళ్లకి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. మేము వెళ్లింది బియ్యం కోసం. మా ఆవిడకి మందులు కొట్టని బియ్యం అంటే పిచ్చి, హైదరాబాద్‌లో అంత ధర పెట్టి కొనేది అసలు ఎవరు ఎలా పండిస్తున్నారో ఒకసారి కళ్లారా చూద్దాం అని ఏడాదిగా పోరు పెడుతోంది. 2024 నవంబరు ఆఖరి వారంలో కుదిరింది. సార్వా (వానాకాలం వరి) కోతల టైం, పైగా కార్తీకం.

రాజమండ్రిలో రైలు దిగి ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ మ్యూజియం చూసుకుని బస్సెక్కాం. మ్యూజియానికి గంట చాలు. 1852 నాటికి కాటన్ ఆనకట్ట పూర్తి చేయకపోతే ఈ డెల్టాలో ఇన్ని వరి చేలు ఉండేవి కావు, అది చూసి బయల్దేరితే తర్వాత కాలవల కథ బాగా అర్థమవుతుంది. దారిలో ఆత్రేయపురం దిగి పూతరేకులు కొన్నాం. 2023లో జీఐ ట్యాగ్ (ఈ ఊరి సరుకని చెప్పే గుర్తింపు) వచ్చాక బోర్డులు పెరిగాయి గానీ రేకు తీసే చెయ్యి మాత్రం అదే. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, బియ్యప్పిండి పాలల్లో ముంచిన గుడ్డ ఒక్కసారి అలా లాగితే చాలు. రోడ్డు మీద షాపుల్లో కాకుండా లోపల వీధుల్లో, తీస్తున్న ఇంట్లోనే కొనండి.

మొదటి రాత్రి గోదారి ఒడ్డున ఒక రిసార్ట్. రాత్రికి నాలుగు వేల పైనే. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి గోదారి, అబద్ధం చెప్పకూడదు, ఆ సూర్యోదయం బాగుంది. కానీ భోజనానికి కోనసీమ వంట ఏముందండీ అంటే పన్నీర్ బటర్ మసాలా ఉంది సార్ అన్నాడు. అన్నం ఏ రకం అని మా ఆవిడ అడిగితే "వైట్ రైస్ మేడమ్" అన్నాడు. మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ అనే వరి రకం 1982 నుంచి దేశమంతా పాకింది, ఆ మార్టేరు గోదారి దాటితే వచ్చేస్తుంది, ఇక్కడేమో వైట్ రైస్!

రెండో రోజు అమలాపురం దగ్గర ఒక ఊరు. మా ఫ్రెండ్ వాళ్ల బాబాయ్ గారిల్లు. హోమ్‌స్టే బోర్డు లాంటిది ఏమీ లేదు, ఏసీ లేదు, బాత్రూం పెరట్లో, దోమతెర తప్పనిసరి. డబ్బులిస్తే పిన్ని గారు తీసుకోలేదు, చివరికి బియ్యం, కొబ్బరికాయలు కొంటే ఊరుకున్నారు. "ఆయ్, రండి రండి, కాళ్లు కడుక్కోండి" అనడంతోనే పెద్ద గ్లాసు మజ్జిగ.

బాబాయ్ గారికి సొంతం ఎకరం ఇరవై సెంట్లు. దాని పక్కనే మూడెకరాలు కౌలుకి చేస్తారు. నేను వెళ్లింది ప్రకృతి వ్యవసాయం చూడ్డానికి కదా, పాకలో నీడన పెట్టిన డ్రమ్ము చూపించారు. రెండొందల లీటర్ల నీళ్లలో పది కిలోల ఆవు పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. రెండు రోజులు పులియనిచ్చి ఎరువు బదులు చేలోకి వదలడమే. ఇది దాళ్వా (రెండో పంట) నారుమడికి కలుపుతున్నారు. కంపు కొడుతుందేమో అని ముక్కు పట్టుకున్నా గానీ, కల్లులాంటి పుల్లటి వాసన, అంతే. తర్వాత కోసిన చేలోకి దిగాం. మోళ్ల మధ్య వానపాములు తోడిపోసిన మట్టి గుళికలు, అడుగు తీసి అడుగు వేస్తే ఒకటి. గట్టు దాటి కౌలు చేలోకి వెళ్తే వెతుక్కోవాల్సి వచ్చింది. అదేంటండీ, రెండూ మీరే కదా చేసేది?

కౌలు చేలో యూరియా వేస్తారట. దాచలేదు, నవ్వుతూనే చెప్పారు. "మక్తా, అంటే కౌలు కింద ఇచ్చే ధాన్యం, ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకోవాలి బాబూ. ఈ పద్ధతిలో మొదటి ఏడాది, రెండో ఏడాది దిగుబడి తగ్గుద్ది. ఆ తగ్గింది నేను కట్టి, నేల బాగుపడ్డాక పొలం ఆసామి ఇంకోడికి ఇచ్చేస్తే?" ఈ ముక్క ఏ కరపత్రంలోనూ చదవలేదు నేను. డెల్టాలో చేను దున్నేవాళ్లలో కౌలు రైతులే ఎక్కువ, వాళ్లలో చాలామంది దగ్గర నోటిమాట తప్ప కాగితం ఉండదు, మరి మూడేళ్లు నేలను పెంచుకోమంటే ఎవరు పెంచుతారు? మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లోనే పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, అది చెబితే "అలాగా, మంచిదే" అని బీడీ వెలిగించారు.

మందులు లేకుండా పండించారని ఇచ్చే సర్టిఫికెట్ గురించి మా ఆవిడ అడిగింది. ఆయన సమాధానం చెప్పకుండా మమ్మల్ని బోదె (చిన్న పంట కాలవ) దగ్గరికి తీసుకెళ్లారు. ఇక్కడ నీళ్లు కాలవ నుంచి బోదెలోకి, బోదె నుంచి పై చేలోకి, అది నిండాక గట్టు గండిలోంచి కింద చేలోకి. బాబాయ్ గారిది నాలుగో చేను. పై ముగ్గురు చల్లింది, కొట్టింది నీళ్లతో పాటు దిగాల్సిందే. "పక్కాయన యూరియా నా గట్టు దగ్గర ఆగి, ఇది ప్రకృతి చేను కదా అని వెనక్కి పోద్దా అమ్మా?" నీళ్లు దిగే చోట చిన్న గుంట తవ్వి తూడు అనే నీటి మొక్క పెంచారు, కొంతైనా అక్కడ ఆగుతుందని ఆయన ఆశ. ఒక్కడు మారితే ఒరిగేది తక్కువ, బోదె మొత్తం మారాలి. ఈ గుంట చూశాక నాకు సిటీ షాపుల్లో 'నూరు శాతం' అని రాసిన ప్యాకెట్ల మీద అనుమానం పెరిగింది, రైతు మీద మాత్రం తగ్గింది.

దేశవాళీ రకాలు? నవార ముప్పై సెంట్లలో వేశారు, ఇంటికి, అడిగినవాళ్లకి. పొడుగ్గా పెరిగి గాలివానకి పడిపోతుందని మిగతాదంతా స్వర్ణే. ఆ నవార అన్నం, పిన్ని గారి కంద బచ్చలి కూర, ఆవకాయ. ఆ భోజనం గురించి ఇంకేం రాసినా రిసార్ట్ వాళ్లని తిట్టినట్టే ఉంటుంది కాబట్టి వదిలేస్తున్నా.

ఆ రాత్రి రెండింటికి ఎవరో గేటు కొట్టారు. చినుకులు. వాయుగుండం అని టీవీలో సాయంత్రం నుంచీ చెబుతూనే ఉన్నారు. ఊరి రోడ్డు మీద అందరి ధాన్యం ఆరబోసి ఉంది, తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. ఆ ఏడాది మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,300, అంటే 75 కిలోల బస్తాకి 1,725. మందులు కొట్టకుండా పండించినా అదే ధర, బియ్యం పట్టించి సొంతంగా అమ్ముకుంటేనే నాలుగు రూపాయలు ఎక్కువ. లైట్లు వేసుకుని వీధంతా బయటికొచ్చేసింది, ఎవరి రాశి ఎవరిదని చూడకుండా బరకాలు కప్పేస్తున్నారు. నేనూ ఒక మూల పట్టుకున్నా. గాలికి చేతుల్లోంచి ఎగిరిపోతుంటే ఎవరో పెద్దాయన "బాబూ, కాలేసి తొక్కండి" అని అరిచారు. తొక్కా. అరగంటకి చినుకులు ఆగిపోయాయి, అందరూ వెళ్లి పడుకున్నారు. నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే కోటిపల్లి వైపు వెళ్లాం. ముక్తేశ్వరం రేవులో పంటు (దాటించే పెద్ద పడవ) ఎక్కితే గోదారి దాటడం సరదాగా ఉంటుంది, కానీ కార్తీకంలో ఆ జనంలో పిల్లలతో, సామానుతో అయితే వద్దు. మా దగ్గర ఇరవై కిలోల స్వర్ణ, ఐదు కిలోల నవార, పన్నెండు కొబ్బరికాయలు. బస్తా కుట్టు గట్టిగా ఉందో లేదో చూసుకోండి, రాజమండ్రి స్టేషన్ మెట్ల మీద మాది ఒక మూల ఊడింది, పోర్టర్ నేనూ కలిసి గింజలు ఏరుకున్నాం.